పాలు కక్కే పాపాయి: మరకలు కాదు, బరువు చూడండి

పాలు తాగి పట్టుమని పది నిమిషాలు కాలేదు, మళ్ళీ కక్కిందా? ఇందాకే మార్చిన చొక్కా, మీ కొంగు, కింద పరిచిన బొంత అన్నీ తడిసిపోయాయా? పడుకోబెట్టగానే వెనక్కి విరుచుకుని గుక్కపట్టి ఏడుస్తోందా? పక్కింటామె వచ్చి దిష్టి తగిలిందంటుంది. చూడటానికొచ్చిన చుట్టాలావిడ పక్షి దోషం అంటుంది. ఇంట్లో ఎవరో ఒకరు ‘నీ పాలే పడటం లేదేమో’ అనేస్తారు. అన్నిటికంటే ఆ చివరి మాటే బాలింతను కుంగదీస్తుంది.

ముందు ఆ మాటను మనసులోంచి తీసేయండి. పసిపిల్లల్లో అన్నవాహిక, కడుపు కలిసే చోట ఉండే కండరం ఇంకా గట్టిపడి ఉండదు. మూత బిగించని సీసాను పడుకోబెడితే నీళ్ళు బయటికి వచ్చినట్టే, కడుపులోని పాలు పైకి వస్తాయి. పైగా బిడ్డ తాగేదంతా ద్రవమే, ఉండేది రోజంతా పడుకునే. పాలతోపాటు కడుపులోని ఆమ్లం కూడా పైకి వస్తే గొంతులో మంట పుడుతుంది. డాక్టర్లు రిఫ్లక్స్ అనేది దీన్నే. ఎక్కువమందిలో 8 వారాల లోపే మొదలవుతుంది, నాలుగో నెల ప్రాంతంలో బాగా ఎక్కువగా ఉంటుంది, కూర్చోవడం వచ్చాక తగ్గుముఖం పడుతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి ఏడాది నిండేసరికి ఆగిపోతుంది. ఇందులో మీ పాల తప్పు లేదు, మీ పెంపకం తప్పు అంతకంటే లేదు.

కొద్దిమంది పిల్లల్లో మాత్రం ఇది గుడ్డలు ఉతుక్కోవడంతో పోయే సమస్య కాదు. వాళ్ళు పాలు తాగలేరు, బరువు పెరగరు, నిద్రపోరు. దాన్ని జబ్బుగా చూసి వైద్యం చేయించాలి. మీ బిడ్డ ఏ కోవకు చెందుతుంది? రాత్రిళ్ళు ఎలా గట్టెక్కాలి? ఎప్పుడు పరుగెత్తాలి? ఈ అధ్యాయం వాటి కోసమే. కొత్వాల్‌గూడ, శంషాబాద్ చుట్టుపక్కల ఉండే ఇళ్ళను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఎయిర్‌పోర్టులో షిఫ్టు డ్యూటీకి వెళ్ళే తండ్రి, అద్దె గదిలో బిడ్డతో ఒంటరిగా ఉండే తల్లి, ఊరి నుంచి నాలుగు రోజులు సాయానికి వచ్చిన అత్తమ్మ: ఈ ముగ్గురూ కలిసి చదవాల్సిన అధ్యాయం ఇది.

1. మరకను చూసి కాదు, కాంటా చూసి నిర్ణయించుకోండి

ఒక చిన్న పని చేయండి. రెండు చిన్న చెంచాల పాలు తీసుకుని పాత తువ్వాలు మీద ఒంపండి. మరక ఎంత పెద్దగా పరుచుకుందో చూశారా? అక్కడ ఉన్నవి 10 మిల్లీలీటర్లే. బిడ్డ ‘తాగినదంతా కక్కేసింది’ అని మనం అనుకునేవాటిలో చాలావరకు ఇంతే ఉంటాయి.

ఇప్పుడు రెండు ఇళ్ళు ఊహించుకోండి. మొదటి ఇంట్లో రెండు నెలల పాప పాలు తాగిన ప్రతిసారీ కక్కుతుంది, కక్కి నవ్వుతుంది. నెలలో 800 గ్రాములు పెరిగింది. తల్లికి మాత్రం కంటి మీద కునుకు లేదు. రెండో ఇంట్లో బాబు పెద్దగా కక్కడు. కానీ రొమ్ము నోట్లో పెట్టగానే రెండు గుక్కలు తాగి, మెడ తిప్పేసుకుని ఏడుస్తాడు. నెలలో 200 గ్రాములే పెరిగాడు. మరకలు లేవు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ముందుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సింది ఈ రెండో బాబే. కొందరిలో పాలు బయటికి రాకుండా గొంతుదాకా వచ్చి వెనక్కి పోతుంటాయి. మంట మాత్రం తప్పదు.

మొదటి మూడు నెలల్లో బిడ్డ రోజుకు సుమారు 25 నుంచి 30 గ్రాములు పెరగాలి. మూత్రం రోజుకు ఆరుసార్లకు తగ్గకూడదు. ఇందుకోసం ఇంట్లో యంత్రం కొనక్కర్లేదు. అంగన్‌వాడీలో బరువు చూస్తారు. ప్రసవమైన మొదటి 42 రోజుల్లో ఆశా కార్యకర్త పలుమార్లు ఇంటికి వస్తుంది. ఆ తర్వాత 6, 10, 14 వారాల టీకాలకు ఎలాగూ వెళ్తారు. సరిగ్గా కక్కడం ఎక్కువగా ఉండే రోజులే అవి. ప్రతిసారీ బరువు తూయించి, తల్లీబిడ్డల కార్డులోని గ్రాఫు మీద చుక్క పెట్టించుకోండి. చుక్కలు గీత వెంట పైకి పోతుంటే ఊపిరి పీల్చుకోండి. అడ్డంగా సాగినా, కిందికి దిగినా ఆగకండి.

ఇంకో మాట. టీకాల రోజున రోటా చుక్కలు, పోలియో చుక్కలు నోట్లోనే వేస్తారు. కడుపు నిండా పాలు పట్టి తీసుకెళ్తే చుక్కలు కూడా కక్కేస్తుంది. ముందే పట్టి కాస్త విరామం ఇచ్చి వెళ్ళండి. చుక్కలు కక్కితే వెంటనే ఏఎన్ఎమ్‌కు చెప్పండి.

2. తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు పట్టండి

బిడ్డ కక్కింది కదా, కడుపు ఖాళీ అయిపోయిందని వెంటనే మళ్ళీ కడుపునిండా పడుతున్నారా? అందరూ చేసే మొదటి పొరపాటు ఇదే. నిండిన కడుపే మళ్ళీ పొంగుతుంది. కాసేపు ఆగి, ఆకలి గుర్తులు కనిపిస్తే కొద్దిగా పట్టండి. చేతులు నోట్లో పెట్టుకోవడం, పెదాలు చప్పరించడం ఆకలికి గుర్తులు. గుక్కపట్టి ఏడ్చేదాకా ఆగితే పాలతోపాటు గాలి కూడా మింగుతుంది.

• తల్లిపాలు తాగే బిడ్డయితే: చనుమొన ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి పోవాలి. పాలు ధారగా వచ్చి బిడ్డకు పొలమారుతుంటే, మీరు కాస్త వెనక్కి వాలి కూర్చుని పట్టండి. ధార నెమ్మదిస్తుంది.

• డబ్బా పాలు తాగే బిడ్డయితే: రోజు మొత్తానికి కిలో బరువుకు 150 మిల్లీలీటర్లు సుమారు లెక్క. నాలుగు కిలోల బిడ్డకు రోజుకు 600. దాన్ని ఆరుసార్లుగా పడితే ఒక్కోసారి 100, ఎనిమిదిసార్లుగా పడితే 75. ఈ లెక్క దాటి పడుతున్నారేమో చూసుకోండి. నీళ్ళు, పొడి డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపండి. పలచన చేస్తే బరువు తగ్గుతుంది, చిక్కగా చేస్తే కడుపు తట్టుకోలేదు. బియ్యప్పిండి, బిస్కెట్టు పొడి సొంతంగా కలపడం అసలే వద్దు. పాలు చిక్కగా కావాలా వద్దా అన్నది డాక్టర్ చెప్పాలి.

కక్కుతోందని తల్లిపాలు మాన్పించి డబ్బాకో, గేదెపాలకో మార్చడం రెండో పెద్ద పొరపాటు. డబ్బా పాలకంటే తల్లిపాలు కడుపులోంచి త్వరగా కిందికి దిగుతాయి. కక్కే బిడ్డకు ఇంతకంటే తేలిక ఆహారం లేదు.

3. తాగాక అరగంట నిలువుగా

మధ్యమధ్యలో ఆపి తేన్పు తెప్పించండి. తాగాక 20 నుంచి 30 నిమిషాలు భుజానికి నిలువుగా ఎత్తుకోండి. గడ్డం మీ భుజం మీద ఆనాలి, వెన్ను నిటారుగా ఉండాలి, పొట్ట మీద ఒత్తిడి పడకూడదు. ఒళ్ళో కూర్చోబెట్టి నడుము మడిస్తే పొట్ట నొక్కుకుని పాలు ఇంకా పైకి వస్తాయి. చీర ఉయ్యాలలో వేసినా అదే జరుగుతుంది. ఒళ్ళు ముడుచుకుపోయి గడ్డం రొమ్ముకు తగులుతుంది.

పనుల వరస మార్చుకుంటే సగం గుడ్డలు మిగులుతాయి:

• డైపర్ మార్చడం పాలకు ముందే. తాగిన వెంటనే కాళ్ళు పైకెత్తితే కక్కు ఖాయం. నడుము దగ్గర బిగుతు లేకుండా చూడండి.

• నూనె మర్దన, నలుగు, కాళ్ళ మీద బోర్లా వేసి పోసే స్నానం, అన్నీ పాలకు ముందే.

• స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేయకండి. గొంతు ముందే మంటగా ఉన్న బిడ్డకు పొగ ఇంకో బాధ. బీడీ, సిగరెట్ పొగకైతే ఇంట్లో చోటే ఉండకూడదు.

• ఆసుపత్రికి బస్సులోనో ఆటోలోనో బయల్దేరే ముందు కనీసం అరగంట వ్యవధి ఉండేలా పాలు పట్టండి. స్పీడ్ బ్రేకర్ల దెబ్బ తగ్గుతుంది.

4. పడుకోబెట్టేది వెల్లకిలానే

‘వెల్లకిలా పడుకోబెడితే పాలు ముక్కులోకి ఎక్కుతాయి, బోర్లా వెయ్యి’ అని పెద్దవాళ్ళు అంటారు. వాళ్ళ భయం ప్రేమలోంచి వచ్చిందే. కానీ లోపలి అమరిక చూడండి. బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. పైకొచ్చిన పాలు ఊపిరిగొట్టంలోకి పోవాలంటే ఎత్తు ఎక్కాలి. అందుకే మళ్ళీ మింగడమో, దగ్గి బయటికి పంపడమో జరుగుతుంది. బోర్లా వేస్తే ఊపిరిగొట్టమే కిందికి వస్తుంది, పాలు దాని ముందే చేరతాయి. పైగా బోర్లా పడుకునే పిల్లల్లో నిద్రలోనే హఠాత్తుగా ప్రాణం పోయే ప్రమాదం ఎక్కువ.

కాబట్టి ఏడాది నిండేదాకా నిద్ర వెల్లకిలానే, గట్టి పరుపు మీద. ఆవాల దిండు, మెత్తటి బొంతలు, తల కింద ఎత్తు ఏవీ వద్దు. ఏటవాలు పడకలు రిఫ్లక్స్‌కు మంచివని ఆన్‌లైన్‌లో అమ్ముతుంటారు. శిశుమరణాలు జరిగాక అమెరికా 2022లో చట్టం చేసి వాటి అమ్మకాన్ని నిషేధించింది. అక్కడున్న మీ అక్కో చెల్లెలో ప్రేమగా పాతది పంపుతానన్నా వద్దని చెప్పండి.

నిద్రలో కక్కితే? బిడ్డను పక్కకు తిప్పండి, నోరు, ముక్కు మెత్తటి గుడ్డతో తుడవండి, ఎత్తుకోండి. తలకిందులుగా పట్టుకోవడం, ఊపడం చేయకండి.

5. ఇంటి మందులకు మర్యాదగా సెలవు చెప్పండి

వస అరగదీసి నాకించడం, వాము నీళ్ళు, గ్రైప్ వాటర్, ఒక చుక్క ఆముదం: ప్రతి ఇంట్లో ఏదో ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. ఆయుర్వేదంలో వాంతి చేయించే వమన చికిత్సకు వాడే దినుసుల్లో వస ఒకటి. అసలే కక్కే బిడ్డకు దాన్ని నాకిస్తామా? దాన్ని తేనెలో రంగరిస్తే ఇంకో ముప్పు. తేనెలో ఉండే సూక్ష్మజీవి బీజాలు ఏడాది లోపు పిల్లల్లో నరాలను చచ్చుబరిచే బాటులిజం తెచ్చిపెట్టగలవు. గ్రైప్ వాటర్ 1851 నాటి ఇంగ్లండ్ తయారీ. అది రిఫ్లక్స్‌ను తగ్గిస్తుందనడానికి ఆధారం లేదు.

మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే వాంతుల చుక్కలు ఇంకా ప్రమాదం. అలా ఎక్కువగా వాడే డోంపెరిడోన్ గుండె లయను దెబ్బతీయవచ్చని ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2014లోనే దాని వాడకాన్ని కుదించింది.

మరి అత్తమ్మకు ఎలా చెప్పాలి? వాదనకు దిగకండి, పని అప్పగించండి. ‘అత్తమ్మా, ఆరు నెలలు నిండేదాకా పాలు తప్ప ఏం పట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. తర్వాత మీ చేతి ఉగ్గే పెడదాం. పాలు తాగినంక జర మీరు భుజం మీద ఏసుకోని తిప్పుండ్రి. మీరు ఎత్తుకుంటే తొందరగ ఊకుంటది’ అనండి. ఆమె చేతుల్లో అరగంట నిలువుగా ఉన్న బిడ్డకు అంతకంటే మంచి ఇంటివైద్యం ఏముంది? దిష్టి తీస్తానంటే తీయనివ్వండి. ఆ పేరు మీద డాక్టర్ దగ్గరికి వెళ్ళడం మాత్రం వాయిదా పడకూడదు.

6. డాక్టర్ దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్ళకండి

‘బాగా కక్కుతోంది సార్’ అంటే డాక్టర్‌కు తెలిసేది తక్కువ. మూడు రోజులు ఒక నోట్‌బుక్‌లో రాయండి: ఎన్నింటికి పట్టారు, ఎంతసేపు లేదా ఎన్ని మిల్లీలీటర్లు, ఎంతసేపటికి కక్కింది, ఏ రంగు, మూత్రం ఎన్నిసార్లు. బిడ్డ విరుచుకుని ఏడ్చేటప్పుడు ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీయండి. ఇప్పటిదాకా వేసిన మందుల సీసాలు, బరువుల కార్డు సంచిలో పెట్టుకోండి. డాక్టర్ ముందు బిడ్డ హాయిగా నిద్రపోతుంటే, మీ కష్టం ఏమిటో ఆ వీడియోనే చెబుతుంది.

మొదట శంషాబాద్‌లోని ప్రభుత్వ ఆసుపత్రిలోనో, మీకు అలవాటైన పిల్లల డాక్టర్‌కో చూపించండి. పెద్దాసుపత్రి అవసరమంటే రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ఉంది. రాకుమారి నిలోఫర్ పేరు మీద 1953లో మొదలైన ఈ ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల వైద్యానికి పెట్టింది పేరు. ఆరాంఘర్, మెహదీపట్నం, లక్డీకాపూల్ మీదుగా వెళ్ళాలి. ఓపీ కోసం పొద్దున్నే బయల్దేరండి. అదనంగా నాలుగు జతల బట్టలు, తువ్వాళ్ళు, తడి గుడ్డలకో ప్లాస్టిక్ సంచి పెట్టుకోండి.

డాక్టర్ సాధారణంగా ఏ వరసలో వెళ్తారో తెలిస్తే మీకు కంగారు తగ్గుతుంది:

• ముందు పాలు పట్టే తీరు సరిచేస్తారు.

• తగ్గకపోతే పాల ప్రొటీన్ పడకపోవడం ఉందేమో చూస్తారు. ఇందుకు తల్లిని 2 నుంచి 4 వారాలు పాలు, పెరుగు, మజ్జిగ, పనీరు మానమంటారు. టీలో పాలు, బిస్కెట్లు, కోవా స్వీట్లు కూడా లెక్కలోకే వస్తాయి. నెయ్యి సంగతి అడిగి తెలుసుకోండి. అవి మానేసినన్నాళ్ళూ రాగులు, నువ్వులు, ఆకుకూరలు, పప్పు, గుడ్డు బాగా తినండి. పచ్చి బాలింత పథ్యం పేరుతో కారప్పొడి అన్నంతో సరిపెట్టకండి. ఆ వారాలు గడిచినా తేడా లేకపోతే మళ్ళీ పెరుగన్నం తినొచ్చు.

• అప్పటికీ తగ్గక, బరువు పెరగకపోతే ఆమ్లం తగ్గించే మందు రాస్తారు, సాధారణంగా 4 నుంచి 8 వారాలకు. ఇది మంటను తగ్గిస్తుంది, కక్కును ఆపదు. ‘మందు వేసినా కక్కుతోంది’ అని మీకు మీరే మోతాదు పెంచడం, గడువు దాటినా కొనసాగించడం చేయకండి. ఆమ్లం బాగా తగ్గితే ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. అందుకే హాయిగా కక్కుతూ బరువు పెరిగే బిడ్డకు ఈ మందు వద్దని ఉత్తర అమెరికా, ఐరోపా శిశు జీర్ణకోశ వైద్యుల సంఘాలు 2018లో కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి.

7. ఈ గుర్తులుంటే తెల్లారేదాకా ఆగకండి

• ఆకుపచ్చ రంగు వాంతి. పేగు మెలిక పడిందనడానికి ఇది గుర్తు కావచ్చు. ప్రతి గంటా విలువైనదే.

• వాంతిలో గానీ, విరేచనంలో గానీ రక్తం.

• ప్రతిసారీ దూరంగా చిమ్మినట్టు వాంతి, ఆ వెంటనే మళ్ళీ ఆకలి. ముఖ్యంగా రెండు వారాల నుంచి రెండు నెలల లోపు బిడ్డకు. కడుపు కింది ద్వారం మూసుకుపోతుంటే ఇలా అవుతుంది, ఆపరేషన్‌తో నయమవుతుంది.

• పొట్ట ఉబ్బి గట్టిపడటం, మాడు ఉబ్బడం, మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం.

• పాలు పూర్తిగా మానేయడం, మూత్రం తగ్గడం, లేపినా మగతగా ఉండటం.

• ఊపిరి ఆగినట్టవడం, పెదాలు నీలంగా మారడం.

వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. ఆరు నెలలు దాటాక కొత్తగా కక్కడం మొదలైనా, ఏడాది దాటాక కూడా ఆగకపోయినా అది మామూలు రిఫ్లక్స్ అనుకోకుండా డాక్టర్‌కు చూపించండి.

8. మీరు పడిపోతే బిడ్డను ఎత్తుకునేదెవరు?

నాన్నగారూ, ఈ భాగం మీకు. డ్యూటీ దిగి ఉదయం ఏడింటికి ఇంటికొచ్చి అలసిపోయి పడుకుంటారు. తప్పు లేదు. కానీ రాత్రంతా మేలుకున్నది మీరొక్కరే కాదు. వచ్చాక ఒక్క గంట బిడ్డను భుజాన వేసుకోండి, ఆమెను పడుకోనివ్వండి. ఏ షిఫ్టు వారంలో ఏ పూట మీది, ఏ పూట ఆమెది అన్నది గోడ మీద కేలండర్‌లో రాసేయండి. పాలిచ్చేది ఆమె అయినా తేన్పు తెప్పించడం, గుడ్డలు ఉతకడం, బరువు తూయించడం మీరు చేయొచ్చు. ఎవరైనా ‘నీ పాలు పడటం లేదు’ అంటే, ఆ మాటకు అడ్డు చెప్పాల్సింది కూడా మీరే.

అమ్మా, ఏడుపు భరించలేని క్షణం ఎవరికైనా వస్తుంది. అప్పుడు బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దాకా వెళ్ళి ఐదు నిమిషాలు ఊపిరి పీల్చుకుని రండి. ఆ ఐదు నిమిషాల ఏడుపుతో బిడ్డకేమీ కాదు. కోపంతో ఒక్కసారి గట్టిగా కుదిపితే మెదడులో రక్తస్రావం కావచ్చు. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డ పడుకున్నా నిద్ర పట్టకపోతే, చచ్చిపోవాలనో బిడ్డను ఏదైనా చేయాలనో ఆలోచనలు వస్తుంటే దాచుకోకండి. ఇంట్లో ఒకరికి చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. 2022లో మొదలైన టెలీ మానస్ ఇది. ఏ వేళైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. ఈ దిగులుకు వైద్యం ఉంది.

9. ఈ వారం నుంచే మొదలుపెట్టండి

అన్నీ ఒకేసారి చేయాలని చూడకండి. మొదటి మూడు రోజులు పాల మోతాదు, నిలువుగా ఎత్తుకునే అరగంట మాత్రమే చూసుకోండి. తర్వాత స్నానం, డైపర్ వేళలు మార్చండి. నోట్‌బుక్ మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి. ఏదో ఒక రాత్రి మళ్ళీ విపరీతంగా కక్కితే ‘అంతా వృథా’ అనుకోకండి. ఒక్క రాత్రిని కాదు, వారానికీ వారానికీ తేడాను చూడండి. ఆరో నెల నిండి ఉగ్గు మొదలయ్యాక, తనంత తాను కూర్చున్నాక మార్పు మీకే కనిపిస్తుంది.

రేపు అంగన్‌వాడీ తలుపు తెరవగానే బిడ్డను కాంటా ఎక్కించండి. ఆ అంకెను, పక్కనే తేదీని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి, వచ్చేవారం అదే రోజు మళ్ళీ వెళ్ళండి.